అమ్మ చెప్పిన రోగం

భువనేశ్వరి డాక్టరు చదువు జార్జియాలో పూర్తిచేసింది గానీ, ఇక్కడ వైద్యం చేయాలంటే రాయాల్సిన లైసెన్సు పరీక్ష మాత్రం ఆమెకు కొరకరాని కొయ్య అయింది. పగలంతా ఆఫీసులో ఆసుపత్రి బిల్లులతో కుస్తీ. సాయంత్రం చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లోని ఇంటికి చేరితే తల్లి మంగళే రోగి. కూతురికి చదివింది గుర్తుండాలని ఆమె రోజుకో రోగం కల్పించి చెప్పేది. తలనొప్పికీ అరికాలి దురదకూ ముడిపెట్టేది. ఆ రోగాలు ఏ పుస్తకంలోనూ ఇమిడేవి కావు. భువనేశ్వరి విసుక్కుంటూనే నవ్వేది.

ఆ రోజు మంగళ బీన్సు తుంచుతూ చెప్పింది. "పండుకుంటే ఊపిరాడదు. లేచి కూర్చుంటే సర్దుకుంటాది. సాయంకాలమైతే కాళ్ళు వాస్తా ఉండాయి."

"హార్ట్ ఫెయిల్యూర్. ఎకో తీయాల," అంది భువనేశ్వరి ఠక్కున. అమ్మను మెచ్చుకోబోయి ఆగిపోయింది. అమ్మ చెప్పిన రోగం ఇంత చక్కగా కుదరడం ఇదే మొదలు.

వంగి, అమ్మ చీర అంచు కాస్త పైకి జరిపి, చీలమండ మీద వేలితో నొక్కింది. పడ్డ గుంట పూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి మా?"

"నీ పరీక్ష కానీలే అనుకుంటిని." మంగళ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "అది సరే, జవాబు రైటేనా?"