బొంగురు పోనీయని పరశురాం

"నిజాంపేట, నిజాంపేట! ఇంకొక్కరే, ఇంకొక్కరే!"

పరశురాం అరచెయ్యి ఆటో టాపు మీద దరువు వేస్తూనే ఉంది. యాభై రెండేళ్ల బక్కపలచటి మనిషి. ఉక్కపోస్తున్నా మెడకు మఫ్లరు విప్పడు. ఇవాళ మాత్రం ఇస్త్రీ చొక్కా తొడిగాడు. మూడు గంటలకు మైకుసెట్టు శ్రీనివాస్ దుకాణంలో అతని గొంతు రికార్డు చేస్తారు. కొత్తగా తెరిచే బట్టల దుకాణం కోసం రేపటి నుంచి మెదక్ గల్లీల్లో ఆ గొంతే తిరుగుతుంది. పొద్దుటి నుంచి అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు.

రాందాస్ చౌరస్తాలో ఇరవై రెండేళ్లుగా ఆటోలకు మనుషుల్ని పిలుస్తున్నాడు. అన్నేళ్లూ అతనిది పీలగొంతే. ఫోనెత్తితే అవతలివాళ్లు "అమ్మా" అనేవారు, డ్రైవర్లు పగలబడి నవ్వేవారు. నాలుగు నెలల కిందట జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. జలుబు పోయింది గానీ బొంగురు పోలేదు. ఆ గరగరలో ఏం చూశారో గానీ కాలేజీ పిల్లలు వీడియోలు తీశారు, ఊరు చెవి కోసుకుంది.

బొంగురుకు తలా ఒక కారణం చెప్పారు. అరుపులన్నారు, బీడీలన్నారు, దుమ్మన్నారు, కడుపులో గ్యాసు పైకి తంతోందన్నారు. భార్య సిద్దమ్మ కరక్కాయ నూరి పెడితే అతను చాటుగా పారబోశాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. గొంతు బాగుపడాలని లోకం మొక్కుకుంటే, ఎక్కడ బాగుపడిపోతుందోనని ఈయన హడలిపోయాడు. అలా కాకూడదని చౌరస్తాలోని స్వామి హోటల్ ఫ్రిజ్‌లో ఒక సీసా పెట్టుకుని గంటకోసారి పళ్లు జివ్వుమనే నీళ్లు తాగేవాడు.

ఆటోలో దేవిక కూర్చుని ఉంది. నిజాంపేట దవాఖానలో నర్సు. ఆరేళ్లుగా రోజూ ఇక్కడే ఎక్కుతుంది. రికార్డు సంగతి అతను ఆపకుండా చెబుతుంటే ఆమె నవ్వలేదు.

"అన్నా, జలుబు గొంతు రెండు మూడు వారాలల్ల సర్దుకుంటది. అంతకు మించితే చూపిచ్చుకోవాలె. నీది నాలుగు నెలలాయె, నేను రోజూ వింటనే ఉన్న. మింగితే నొప్పుందా? మెడల గడ్డ గిట్ల తగుల్తుందా?"

అతని చెయ్యి మఫ్లరు మీదికి పోయింది. కందిగింజంత ఉన్న గడ్డ ఇప్పుడు రేగుపండంత అయింది. పోయిన వారం ఉమ్మిలో ఎర్రటి చార కూడా కనబడింది. ఎవరికీ చెప్పలేదు.

"మంచిగైతే మల్ల పాత గొంతే వస్తది గద మేడం," అన్నాడు మెల్లగా.

"ఏ గొంతు వస్తదో నాకు తెల్వదు. నువ్వైతే ఉంటవు."

హైదరాబాదులో గొంతు డాక్టరు పేరు రాసిచ్చింది. చీటీ జేబులో పెట్టుకున్నాడు, ఆటో కదిలింది. మధ్యాహ్నం దాకా బట్టల దుకాణం మాటలు వల్లె వేస్తూనే ఉన్నాడు గానీ, చెయ్యి మాటిమాటికీ మెడ మీదికే పోయింది.

మూడింటికి మైకు ముందు నిలబడి ఒక్క ఊపులో చెప్పేశాడు. శ్రీనివాస్ వినిపిస్తే నాలుగుసార్లు వేయించుకున్నాడు. పెళ్లినాడు కూడా అంత సంబరపడలేదు. కళ్లనిండా నీళ్లు.

"ఇది చెరిగిపోదు గద?" అని అడిగాడు.

పోదన్నాడు శ్రీనివాస్, రెండుచోట్ల దాచానన్నాడు. పరశురాం మఫ్లరు విప్పి భుజాన వేసుకుని అక్కడి నుంచే భార్యకు ఫోను చేశాడు. గడ్డ సంగతి, ఎర్రటి చార సంగతి అప్పుడు చెప్పాడు.

"ఏడువకే సిద్దమ్మా. ఆరింటి బస్సుకు పోదాం. ఇగ చూపిచ్చుకుంట."

బస్సులో కూడా పక్కవాళ్లందరికీ రేపు తన గొంతు వినమనే చెప్పాడు. తెల్లారి అది గల్లీ గల్లీ తిరిగింది. జనం గుమ్మాల్లోకి వచ్చి విన్నారు, చౌరస్తాలో డ్రైవర్లు ఈలలు వేశారు.

రెండు నెలల తర్వాత దేవిక స్వామి హోటల్లో చెప్పింది. పరశురాం బతికాడు, కోలుకుంటున్నాడు. గడ్డతో పాటు గొంతూ తీసేశారు. ముందే వచ్చి ఉంటే అంత కోత తప్పేదేమోనని డాక్టర్లు అన్నారట.

స్వామి ఆమెకు చాయ్ పెడదామని పాల ప్యాకెట్ కోసం ఫ్రిజ్ తెరిచాడు. వెనక మూల, రికార్డు రోజున సగం తాగి మూత బిగించిన పరశురాం సీసా చల్లగా అలాగే ఉంది.