దూదిరాజు కుట్టిన సూప్

ఎత్తి చూసి బరువు చెప్పడం దూదిరాజుకి వెన్నతో పెట్టిన విద్య. ముప్పై ఏళ్ళుగా పరుపులు కుడుతున్నాడు, భుజాన వేసుకుని మేడలెక్కిస్తున్నాడు. ఏ పరుపులో ఎన్ని కిలోల దూది ఉందో తక్కెడ ముట్టకుండా చెప్పేస్తాడు. ఆ విద్యే ఆదివారం నాడు అతని కొంప ముంచింది. ఆస్పత్రి నుంచి వచ్చిన అక్కని రెండు చేతుల మీద ఎత్తుకుని మేడగదికి మోసుకెళ్తూ, వద్దనుకుంటూనే లెక్క కట్టేశాడు. ముప్పై ఎనిమిది కిలోలు. ఇద్దరు పడుకునే పరుపుకీ అక్కకీ పెద్ద తేడా లేదు. ఆమెని మంచం మీద పడుకోబెట్టి, కిందికొచ్చి, దూది బస్తాల వెనక నిలబడి కాసేపు మొహం తుడుచుకున్నాడు.

నలభై రోజుల జ్వరం మనిషిని అలా పిండేసింది. పోతూ పోతూ నోటి రుచిని కూడా వెంట తీసుకుపోయింది. గొంతు ఇంకా పచ్చిగానే ఉంది. శుక్రవారం తీసుకొస్తే తూకం వేస్తామనీ, ఒక్క కిలో తగ్గినా మళ్ళీ చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేయక తప్పదనీ డాక్టరమ్మ చెప్పింది. వచ్చే దారిలో అక్క కారు అద్దంలోంచి బయటికి చూస్తూ, "మళ్ళీ అక్కడికి పంపావంటే నేనిక తిరిగి రాను చిన్నోడా" అంది. బెదిరింపూ కాదు, ఏడుపూ కాదు. సాయంత్రం వాన పడేలా ఉందని చెప్పినట్టు చెప్పింది.

ఈ రోజు బుధవారం. ఈ మూడు రోజుల్లో అతను పెట్టని తిండి లేదు. పాలు, ఉడికించిన గుడ్డు, మెత్తగా నలిపిన అరటిపండు, పిల్లలకి పట్టే జావ. ప్రతిసారీ పళ్ళెం నిండా పెట్టి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఎన్ని చెంచాలు లోపలికి పోతున్నాయో గుడ్లప్పగించి చూసేవాడు. అక్క రెండు చెంచాలు మింగి పళ్ళెం పక్కకి నెట్టేసేది. బతిమాలితే కళ్ళు మూసుకునేది. అక్కాతమ్ముళ్ళిద్దరే ఆ ఇంట్లో. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే పదేళ్ళు పెద్దదైన అక్కే అతన్ని సాకింది. ఆ తర్వాత ఇద్దరికీ పరుపుల ధ్యాసే తప్ప పెళ్ళి ధ్యాస పట్టలేదు.

ఇక ఆ కొట్టు సంగతి కూడా చెప్పాలి. కింద ముందు గదిలో కొట్టు, వెనక వంటిల్లు, పైన రెండు గదులు. కొట్లో పొద్దంతా దూది పింజలు గాలిలో లేచి, కిటికీ వెలుగులో తొందరేమీ లేకుండా దిగుతుంటాయి. అక్కడికొచ్చిన బేరగాళ్ళు కూడా తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆర్డరు పూర్తయ్యాక అందులో ఒక పరుపు మీద ఇంటి మనిషి పడుకుని కునుకు తీయాలి. కల వస్తే పరుపు బాగున్నట్టు. వచ్చిన కల ఏమిటో, కొట్లో కుట్టుపని చేసే కుట్టుపిన్ని ఒక చిన్న గుడ్డముక్క మీద దారంతో ఒకే మాటగా కుట్టి, అంచు లోపల దాచేస్తుంది. కొన్నవాడికి తెలియదు. ఊళ్ళో ఎందరో "నిమ్మకాయ" మీదా, "పడవ" మీదా, "తెల్ల గుర్రం" మీదా పడుకుని హాయిగా నిద్రపోతున్నారు. ఆ కలలు కనే ఉద్యోగం అక్కది. ఆమె మంచాన పడ్డాక తమ్ముడు పడుకుంటున్నాడు గానీ, కలా పాడా, రెప్ప పడితే ఒట్టు.

నిన్న నలభై పరుపుల ఆర్డరు ముగిసింది. తీసుకెళ్ళిన హాస్టలాయన సంతోషపడి, కాల్చిన పంది తొడ ఒకటి పంపించాడు. దూది ఏకేవాళ్ళూ, బండివాళ్ళూ తిన్నంత తిన్నారు. ఇవాళ పొద్దున చూస్తే ఎముక మిగిలింది, దానికి అంటుకుని ఓ రెండు గుప్పెళ్ళ మాంసం, కాస్త కొవ్వు. దూదిరాజు దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చిన్నప్పుడు ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా, ఎవరి మనసు బాగుండకపోయినా, అక్క ఇలాంటి మిగులూ తగులూ పోగేసి నూడుల్స్ సూప్ చేసేది. ఎలా చేసేదో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. తినడం వచ్చు, అంతే.

"ఎముక ఉడకబెట్టడానికి కూడా మంత్రాలు కావాలా ఏంటి? నీళ్ళల్లో వేసి పొయ్యి మీద పెట్టు. అదే అవుతుంది" అంది కుట్టుపిన్ని.

"ఎముక పలుకులు గొంతులో గుచ్చుకుంటేనో? అసలే పుండులా ఉంది."

"అయితే వడకట్టు."

వడకట్టమంటే వడకట్టి ఊరుకునే రకమా అతను? పరుపులవాడు. దేన్నయినా గుడ్డలో పెట్టి కుట్టెయ్యందే తోచదు. మాంసమూ కొవ్వూ చాకుతో శుభ్రంగా ఒలిచి ఒక పళ్ళెంలో పెట్టి మూత వేశాడు. ఎముకని కొయ్య సుత్తితో ముక్కలు చేశాడు. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, ఒక ఉల్లిపాయ తెచ్చాడు. పరుపులకి వాడే తానులోంచి కొత్త గుడ్డ జానెడు కత్తిరించి, ఇవన్నీ అందులో పెట్టి, దబ్బనంతో చుట్టూ కుట్టాడు. అంతటితో ఆగాడా? పరుపుకి వేసినట్టే మధ్యమధ్య దారం గుచ్చి నాలుగు ముళ్ళు బిగించాడు. అరచేతిలో పట్టేంత పరుపు, తెల్ల గుడ్డ మీద నీలం చారలతో ముద్దుగా ఉంది. పిన్ని కూడా కళ్ళద్దాలు సర్దుకుని కుట్టు చూసి, వంక పెట్టలేకపోయింది.

దాన్ని పెద్ద గిన్నెలో వేసి, నిండా నీళ్ళు పోసి, సన్నని మంట మీద పెట్టాడు. అరగంటకి ఇల్లంతా వాసన అల్లుకుంది. అల్లం ముందొచ్చింది, తర్వాత మిరియం, ఆ వెనక మెల్లగా మాంసం. మెట్ల మీదుగా పైకీ పాకింది. మూలనున్న పరుపు మీద ఒక్క నిమిషం నడుం వాల్చుదామనుకున్నాడు. నలభై రోజుల నిద్ర ఒక్కసారిగా వచ్చి మీద కూర్చుంది.

కల వచ్చింది. అక్క కొట్లో నడుస్తోంది, కాళ్ళు నేలకి ఆనడం లేదు. దూది పింజల మధ్య ఆమె కూడా నెమ్మదిగా పైకి లేస్తోంది. భయం లేదు ఆ మొహంలో, కిటికీ వైపు చూస్తోంది. అతను ఆమె నడుముకి పురికొస కట్టి పట్టుకున్నాడు. పురికొస చేతిలోంచి జారుతూనే ఉంది, ఎంత పట్టుకున్నా ఇంకా మిగిలే ఉంది, బయట ఆకాశమంతా ఆవిరిగా ఉంది. "కిందికి రా అక్కా, ఆకలేస్తోంది" అని పిలిచాడు. అక్కకి వినబడలేదు.

"లేవరా నాయనా" అని కుట్టుపిన్ని భుజం కుదిపింది. ఆమె చేతిలో గరిటె ఉంది. గరిటెలో ఉన్నది నీలంగా ఉంది.

పరిగెత్తుకెళ్ళి గిన్నెలోకి తొంగి చూశాడు. గిన్నెడు నీలం. తెల్లవారుతున్నప్పుడు ఆకాశం ఎలా ఉంటుందో అలాంటి నీలం. మధ్యలో పరుపు తేలుతోంది, చారలన్నీ పోయి తెల్లగా. ముళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు.

ఇంకే ఇంట్లోనూ ఇది జరిగేది కాదు. ఏ ఇల్లాలయినా కొత్త గుడ్డ నీళ్ళల్లో వేస్తే రంగు పోతుందేమో చూసుకునేది. పరుపుల కొట్లో నీళ్ళ ఊసే ఉండదు. తడి తగిలితే దూది పాడవుతుందని గొడుగులు గుమ్మం బయటే, మంచినీళ్ళు గుమ్మం బయటే, టీ తాగాలన్నా వీధిలో నిలబడి తాగాల్సిందే. ముప్పై ఏళ్ళుగా ఆ గుడ్డ వేల గజాలు కోశాడు, కుట్టాడు, ఒక్క చుక్క నీరు పడనివ్వలేదు. దానికి రంగు పోతుందన్న సంగతి అతనికెలా తెలుస్తుంది?

"పోనీలే, శుక్రవారం బరువే కదా చూసేది, రంగు చూడరు కదా" అంది పిన్ని, నవ్విద్దామని.

అతను నవ్వలేదు. గిన్నె దించి తూములో పారబోశాడు. నీలం సుడి తిరుగుతూ పోతుంటే చూసి, అక్కడే నేల మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి. "నా వల్ల కాదు పిన్నీ. అక్క వెళ్ళిపోతుంది. నాకు తెలుసు, అక్క వెళ్ళిపోతుంది" అన్నాడు.

మెట్ల మీద చప్పుడైంది. ఇద్దరూ అటు చూశారు. అక్క కూర్చుని ఒక్కో మెట్టే జరుగుతూ దిగుతోంది. సగం దారిలో ఆగి రొప్పింది. దూదిరాజు లేవబోతే చెయ్యి ఊపి వద్దంది. "వాసన అంత బాగా వచ్చి ఆగిపోయిందేంటి? ఏం వెలగబెట్టావురా?"

చెప్పక తప్పలేదు. గిన్నె అడుగున మిగిలిన ఆ తెల్లబడ్డ పరుపుని పిన్ని గరిటెతో ఎత్తి చూపించింది. అక్క చాలాసేపు దాన్నే చూసింది. "ముళ్ళు కూడా వేశాడా?" అని అడిగింది. వేశాడంది పిన్ని. అక్క పెదవులు వణికాయి. నవ్వితే గొంతు నొప్పి పుడుతుందని రెండు చేతులతో గొంతు పట్టుకుని మరీ నవ్వింది. నవ్వీ నవ్వీ అలిసిపోయి, "మాంసం కూడా అందులోనే కుట్టావా?" అంది.

"లేదక్కా. పళ్ళెంలో ఉంది."

"అయితే బతికిపోయావ్. స్టూలు ఇలా లాగు."

ఆమె స్టూలు మీద కూర్చుని చెబుతుంటే అతను చేశాడు. ముందు కొవ్వు ముక్కల్ని ఉత్త గిన్నెలో వేసి కరగనిమ్మంది. అందులో మాంసం వేసి కదపకుండా వదిలెయ్యమంది. అడుగంటుతోందని అతను కంగారు పడితే, "అంటనీ, అదే సూప్" అంది. ఉల్లిపాయని రెండు చెక్కలు చేసి, కోసిన వైపు మంట మీద నల్లగా కాల్చమంది. వేడినీళ్ళు పోసి అడుగు గోకించింది. నీళ్ళు గోధుమ రంగుకి తిరిగి, పైన నూనె చుక్కలు గుండ్రంగా వచ్చాయి. ఆవిరికి వంటింటి కిటికీ అద్దాలు మసకబారి, వెనక సందు ఎటో వెళ్ళిపోయినట్టయింది. అల్లం మాత్రం ఆమే కోసింది. ఒక్కో ముక్కకీ ఆగి ఆగి కోస్తుంటే అతను చూడలేక నూడుల్స్ పొట్లం చింపాడు.

"ఉప్పు చూడు. నా నాలుక ఇంకా సెలవులోనే ఉంది."

"సరిపోయిందక్కా."

"సరిపోయిందంటే, ఇంకో చిటికెడు పడుతుందా, పడదా?"

"పడుతుంది."

ఉడికిన నూడుల్స్ గిన్నెలో వేసి, పైన సూప్ పోసి, నిమ్మకాయ పిండి, అతను ఆ గిన్నెని తెచ్చి అక్క ముందు పెట్టాడు. ఎదురుగా కూర్చోవడానికి స్టూలు వెతుక్కుంటున్నాడు. ఆమె గిన్నెని అతని వైపు తోసింది. "నువ్వు తిను. అద్దంలో మొహం చూసుకున్నావా? దవడలు లోపలికి పోయాయి." పిన్నికి కూడా ఒక గిన్నె పోయించింది.

అతను తిన్నాడు. వేడి గొంతులోంచి కడుపులోకి, అక్కణ్ణుంచి కాళ్ళలోకి దిగింది. రెండో ముద్దకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ వేడిలో ఇంట్లో జరిగిన భోజనాలన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ళముందు సాగాయి. అతని పళ్ళెం కనబడింది, పిన్ని గిన్నె కనబడింది, పనివాళ్ళ పళ్ళాలు కనబడ్డాయి. అక్క పళ్ళెం ఏది? ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. అక్క పొయ్యి దగ్గర నిలబడి కబుర్లు చెబుతుండేది. అందరూ లేచాక, వాళ్ళు వదిలేసినవన్నీ ముందేసుకుని, గిన్నె అడుగు చెంచాతో గోకుతూ తీరిగ్గా తినేది. ఆ అడుగుదే అసలు రుచి అనేది. ఆమెకంటూ వడ్డించిన పళ్ళెం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. అలాంటి మనిషి ముందు నిండు పళ్ళెం పెట్టి, మూడు రోజులు ఎదురుగా కూర్చుని ముద్దలు లెక్కపెట్టాడు.

నలభై రోజులకి అతనికి నిజంగా ఆకలేసింది. ఆ గిన్నె కాదు, పొయ్యి మీదున్నదంతా తినేసేలా ఉన్నాడు. సగానికి వచ్చి చెంచా కింద పెట్టాడు.

"చాలక్కా. ఇక పట్టదు."

"ఇంత వదిలేశావేంట్రా? పారబొయ్యడానికా చేసింది?"

అతను కొట్లో పనుందని లేచి, ఆమె వైపు చూడకుండా గుమ్మం దాకా నడిచాడు. వెనక నుంచి గిన్నె లాక్కున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి చెంచా చప్పుడు, ఆగి మళ్ళీ చెంచా చప్పుడు. కడుపులో ఆకలి కరకరలాడుతుంటే అతను గోడకేసి చూస్తూ ఏడో ముద్ద దాకా విన్నాడు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాడు.

గుమ్మం పక్కన కూర్చుని పిన్ని తన గిన్నెని ఇష్టంగా ఖాళీ చేస్తోంది. అతను వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పిన్నీ, నువ్వూ కాస్త వదిలెయ్" అన్నాడు మెల్లగా.