బంతి రాని పరుగు

ఆ కాలేజీ అమ్మాయిల ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టులో జనని పని పరిగెత్తడం. బంతి విసరడం కాదు, పట్టుకోవడం కూడా కాదు. ఆట మొదలవగానే మైదానం చివరిదాకా ఒక్క ఊపున పరిగెత్తడం, ఆ తర్వాత తీరిగ్గా నడుచుకుంటూ వెనక్కి రావడం. మూడేళ్లుగా ఇదే వరస. జీతం లేని ఉద్యోగానికైనా ఇంతకంటే కాస్త మర్యాద ఉంటుంది.

ఈ ఆట తెలియనివాళ్లే ఎక్కువ కాబట్టి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, అమెరికావాళ్లది. బంతి కోలగా ఉంటుంది, చేత్తో విసరాలి, చేత్తో పట్టాలి. ఆ దేశం కాలేజీల్లో ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఎముకలు విరగ్గొట్టుకుంటారు. మన పిల్లలు ఆడే రకంలో అంత ఘోరం లేదు. నడుముకి రెండు రిబ్బన్లు వేలాడుతుంటాయి, బంతి చేతిలో ఉన్న మనిషి రిబ్బను ఎదుటివాళ్లు లాగేస్తే ఆట అక్కడికి ఆగినట్టు. జట్టుకి అయిదుగురు. బంతి విసిరే అమ్మాయిని క్వార్టర్‌బ్యాక్ అంటారు, ఈ జట్టులో ఆ పని చిన్మయిది. నాలుగు ప్రయత్నాల్లో మైదానం సగం దాటాలి. దాటకపోతే బంతి అవతలివాళ్ల పాలు.

జట్టుకి ఉన్న జబ్బు ఒక్కటే. అయిదు గజాలు, ఆరు గజాలు, మళ్లీ నాలుగు గజాలు, అంతే. చీమల్లాగా ముందుకి పాకడమే గాని, ఒక్క దెబ్బకి మైదానం సగం దాటించే లాంగ్ పాస్ అన్నది ఈ జట్టుకి పడనే పడదు. ఎందుకమ్మా అనడిగితే ఎవరి కారణం వాళ్ల దగ్గర సిద్ధంగా ఉండేది. చిన్మయి చేతిలో అంత బలం లేదని బంతి పట్టే శరణ్య అనేది. ఎదుటి జట్టు పిల్ల మీదికి దూసుకొస్తుంటే తనకి టైమెక్కడుందని చిన్మయి అనేది. సముద్రం వైపునించి గాలి కొడుతోందని, బంతి పట్టే ఇంకో అమ్మాయి మృణాళిని అనేది. పాపం, ఆ గాలిని కూడా వదల్లేదు.

కోచ్ విజి మేడం మాత్రం ఒక సాయంత్రం అందరినీ కూచోబెట్టి తన ఫోన్లో పాత మ్యాచ్ వీడియో చూపించింది. ఆవిడది తమిళం, కోపం వస్తే ఇంగ్లీషు.

"లాంగ్ పాస్ మనిషికి వెయ్యరు" అంది. "మనిషి చేరబోయే చోటుకి వేస్తారు. బంతి చెయ్యి వదిలేటప్పుడు అక్కడ ఎవరూ ఉండరు. వస్తుందని నమ్మి వెయ్యాలి. వచ్చిందా లేదా అని చూసుకుని అప్పుడు వేద్దామని మీరు కూచుంటే, ఈలోగా వాళ్లు మీదికొచ్చేస్తారు. మీరు భయపడి పక్కనున్నవాళ్ల చేతిలో పెట్టేస్తారు. ఇదే మన కథ."

ఆ నమ్మకం పుట్టేది ప్రాక్టీసు అయిపోయాక. చిన్మయి, శరణ్య, మృణాళిని, హాస్టల్ అమ్మాయిలు ముగ్గురూ మెస్ గంట కొట్టేదాకా మైదానంలోనే ఉండి, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ, ఒకళ్లకొకళ్లు బంతి వేసుకునేవాళ్లు. శరణ్య ఏ అడుగు తర్వాత తిరుగుతుందో చిన్మయికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ సమయానికి జనని లోకల్ రైల్లో కిటికీ పక్కన నిలబడి తిరువొత్తియూరుకి పోతుండేది. వాళ్లమ్మకి బట్టల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు. ఇంట్లో అవ్వ చెంగమ్మకి రెండు కళ్లకీ శుక్లాలు. ఆవిడ ఒక్కతే స్టవ్ వెలిగించుకుంటుందేమోనన్న భయంతో జనని స్టేషన్‌నించి ఇంటికి కూడా పరుగే తీసేది.

అసలు ఆ తమిళ ఊళ్లో ఈ హాస్టల్ పిల్లలు తనలాగే తెలుగువాళ్లని తెలిసినప్పుడు జనని ఎంత సంబరపడిందో చెప్పలేం. ఫస్టియర్లో, మొదటిరోజు, తనే వాళ్ల దగ్గరికి వెళ్లి పలకరించింది. "మీరు యాడనించి వచ్చినారు? నేను ఈడే, తిరువొత్తియూరు" అంది. గుంటూరు, ఒంగోలు వైపునించి వచ్చిన ఆ ముగ్గురూ పకపకా నవ్వేశారు. "అబ్బ, భలే ఉందే నీ తెలుగు! మళ్లీ చెప్పవా" అంది మృణాళిని. అందులో విషం ఏమీ లేదు. నవ్వినవాళ్లు ఆ పూటే మర్చిపోయారు. జననికి మాత్రం ప్రాణం చివుక్కుమంది. ఎన్ని తరాలుగానో ఇంట్లో అన్నం పెట్టేటప్పుడూ జోల పాడేటప్పుడూ మాట్లాడిన తెలుగు అది. ఆ రోజునించి మైదానంలో ఆమె ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఆ ఇంగ్లీషు కూడా రాను రాను ఓకే, సారీలకి వచ్చి ఆగింది.

ఆమె కోరిక పెద్దదేం కాదు. కప్పులూ మెడల్సూ అక్కర్లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ బంతి తన కోసం గాల్లోకి లేవాలి. అంతకంటే ఇంకేం అడగలేదు ఆ పిల్ల.

మొదటి ఏడాది పరిగెత్తిన ప్రతిసారీ గంపెడాశతో వెనక్కి తిరిగి చేతులు చాచేది. బంతి అప్పటికే శరణ్య దగ్గరో మృణాళిని దగ్గరో ఉండేది. ఆగని బస్సుకి చెయ్యెత్తినట్టు ఉండేది తన పని. గట్టుమీద కూచున్నవాళ్లంతా తన ఖాళీ చేతులే చూస్తున్నారనిపించేది. సిగ్గేసేది. అందుకని చేతులు చాచడం మానేసింది. కొన్నాళ్లకి తిరగడం కూడా మానేసింది. తల వంచుకుని నేరుగా పరిగెత్తడం, ఈల వినపడగానే ఆగడం. ఇదే హాయి అనుకుంది. హాయి కాదు, ఎవరూ చూడకుండా ఏడవడానికి అది తేలికైన దారి, అంతే.

విజి మేడం ఒకసారి ఓదార్చబోయింది. "నువ్వు పరిగెత్తితే వాళ్లలో ఒకత్తి నీ వెనక వస్తుంది. ఇక్కడ మనవాళ్లకి చోటు దొరుకుతుంది. నీ వల్ల ఉపయోగం ఉంది జననీ" అంది. ఉపయోగం ఉండటం వేరు, కావలసినదానివి అనిపించుకోవడం వేరు. ఆ తేడా మేడానికి తెలియదా? తెలిసే ఉంటుంది, ఇంకేం చెప్పాలో తోచక అలా అనుంటుంది.

చివరికి ఆ ఉపయోగం కూడా పోయింది. జననికి బంతి రాదన్న సంగతి మిగతా కాలేజీలన్నిటికీ పాకింది. ఎదుటి జట్లు ఆమెని వదిలేసి మిగతావాళ్ల చుట్టూ మూగడం మొదలుపెట్టాయి. అయిదు గజాలు కూడా గగనమైపోయింది. ఇక మైదానం అవతలి సగంలో జనని ఒక్కతే పరిగెత్తేది. వెంటపడే శత్రువు కూడా లేదు.

ఇంటికి వెళ్లగానే అవ్వ మంచంమీదనించే అడిగేది. "ఏమే, ఈ దినం నీకు బంతి ఇచ్చినారా?"

"ఇచ్చినారవ్వా. రెండు తూర్లు."

"బాగా పట్టుకుంటివా?"

"పట్టుకుంటిని" అని చెప్పి జనని వంటగదిలోకి పోయి గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేది.

ఫైనలియర్లో ఆఖరి టోర్నమెంటు తాంబరం వైపు ఒక కాలేజీ మైదానంలో జరిగింది. ఆదివారం పొద్దున. ఓడితే ఇంటికే. సగం ఆట దాకా గుంజుకుంటూ వచ్చారు గాని, ఆ తర్వాత వెనకబడ్డారు. ఇక మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. చివరి గీత దాటితే గెలుపు, లేకపోతే లేదు. చిన్న చిన్న విసుర్లతో దాటే దూరం కాదది. అందరూ గుంపుగా తలలు దగ్గర పెట్టారు.

"శరణ్యా, నువ్వు ఎడమకి. మృణాళినీ, మధ్యలో. జననీ, డీప్" అంది చిన్మయి. డీప్ అంటే మైదానం చివరిదాకా పరుగు, ఎప్పుడూ చెప్పేదే. జనని తలూపింది. చిన్మయి ఇంకేదో అనబోయినట్టు ఆమెవైపు చూసింది గాని, జనని అప్పటికే వంగి రిబ్బన్లు సర్దుకుంటోంది.

జనని పరిగెత్తింది. ఎదురుగా నిలబడ్డ పిల్ల ఎప్పటిలాగే దారి వదిలేసింది. ఎండ నెత్తిమీద మాడుస్తోంది. ఆఖరి పరుగు కదా అని ఇంకాస్త వేగంగా పరిగెత్తింది, తల వంచుకునే. వెనకనించి ఎవరో కేక వేశారు. ఎవరినో పిలుస్తున్నారనుకుంది. అప్పుడు తన భుజం మీదుగా వచ్చి, ఒక్క మూర ముందు, బంతి నేలమీద పడింది. ఒకసారి ఎగిరి పక్కకి దొర్లింది. చెయ్యి చాచి ఉంటే అరచేతుల్లో పడేది. రెండు చేతులూ పరుగు ఊపులోనే ఉన్నాయి.

అయిపోయింది. ఈల ఊదారు.

ఆమె తిరిగి వచ్చేసరికి గొడవ జరుగుతోంది. "అంత దూరం ఎవరికి వేశావే? పట్టే దూరమేనా అది?" అంటోంది శరణ్య.  విసిరిన క్షణంలోనే ఎదుటి పిల్ల వచ్చి గుద్దుకోవడంతో చిన్మయి కింద పడిందట, బంతి ఎక్కడ పడిందో ఆమె చూడలేదు. మిగతావాళ్లు వెనకనించి చూశారు. వాళ్ల కంటికి అది జననిని దాటిపోయిన బంతి. తప్పంతా చిన్మయి నెత్తిన పడింది. జనని గమ్మున ఉంటే ఎవరికీ ఏమీ తెలియదు.

చిన్మయి గోడ నీడలో ఒక్కతే కూచుని బూట్లు విప్పుకుంటోంది. జనని వెళ్లి ముందు నిలబడింది.

"సారీ జననీ. మరీ దూరం వేసేశాను కదా" అంది చిన్మయి తలెత్తకుండానే.

 ఈసారి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది జనని. "దూరం కాలేదు. నా చేతిలోకే వేసినావు. నేనే తిరిగి చూడలేదు. ఎప్పుడూ రాదు కదా, ఇప్పుడు మాత్రం యాడ వస్తాదిలే అనుకుంటిని. పోయి వాళ్లతో నేను చెప్తాను, నీ తప్పు లేదని."

చిన్మయి నవ్వలేదు. బూటు చేతిలో అలాగే పట్టుకుని ఆమెని చూసింది.

"ఫస్టియర్లో తిరిగి చూసేదానివి" అంది. "అప్పుడు నాకు వెయ్యడం చేతకాక దగ్గరివాళ్లకి వేసేదాన్ని. సెకండియర్‌కి చెయ్యి కుదిరింది. నీకు వేద్దామని ఎన్నిసార్లు చెయ్యెత్తానో. ఎప్పుడు చూసినా నీ వీపే కనపడేది. చూడని మనిషికి ఎలా వెయ్యను? నీకు బంతి అక్కర్లేదేమో అనుకున్నా. మాతో మాట్లాడవు కూడా కదా."

"మరి ఈ దినం ఏంటికి వేసినావు?"

"ఆఖరిది కదా. నువ్వు చూసినా, చూడకపోయినా, నీకే వెయ్యాలనిపించింది."

జనని పక్కన కూచుంది. రెండేళ్లు. ఆమె వెయ్యదని ఈమె తిరగలేదు, ఈమె తిరగదని ఆమె వెయ్యలేదు.

"నన్ను అడిగి ఉండచ్చు కదా నువ్వు" అంది ఏడుస్తూనే.

"నువ్వూ అడగలేదు" అంది చిన్మయి. ఆమె కళ్లలోనూ నీళ్లున్నాయి.

అవతల మైదానంలో తర్వాతి మ్యాచ్ కోసం గీతలమీద మళ్లీ సున్నం పోస్తున్నారు. ఆ మ్యాచ్ వేరేవాళ్లది. వీళ్లిద్దరికీ వచ్చేవారం పరీక్షలు, ఆ తర్వాత కాలేజీ లేదు.