తాళం వెనక నాన్న

మధ్యాహ్నపు ఎండ కిటికీ తెరలోంచి వడబోసినట్టు గదిలోకి దిగుతోంది. టీవీలో బొమ్మ లేదు, మాట లేదు. నల్లటి తెర మీద చిన్న తాళం గుర్తు, దాని కింద ‘పదహారేళ్ళు దాటినవారికి మాత్రమే’ అన్న ముక్క. పైన మాత్రం సినిమా పేరు కనిపిస్తోంది. గోడ మీది నాన్న ఫొటో ఆ సినిమాలోదే, దాని కింద రాసి ఉన్నదీ అదే పేరు. ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే ఏడేళ్ళ పిల్ల గడ్డం కింద చేతులు పెట్టుకుని ఆ తాళాన్నే శ్రద్ధగా చూస్తోంది.

“కార్టూన్లు పెట్టుకోవే,” అంది తల్లి, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

“వద్దు. నాన్న లోపలున్నాడు.”

మిషను ఆగిపోయింది.

పిచ్చుక నాన్న సినిమాల్లో రౌడీ. పెద్ద రౌడీ కాదు. పెద్ద రౌడీ వెనకాల నిలబడి, హీరో చేతిలో అందరికంటే ముందు చచ్చే రౌడీ. పోనీ ఆ పనైనా కుదురుగా చేశాడా అంటే అదీ లేదు. చచ్చి పడుకోగానే కాలి బొటనవేలు దానంతటదే ఆడేది. దర్శకుడి చేత నానా చీవాట్లూ తిని ఇంటికొచ్చి, “నాకు చావడం చేతకాదే. ముందు అన్నం పెట్టు,” అనేవాడు. ఇప్పటికీ ఆ కథ చెబితే తప్ప పిచ్చుక ముద్ద మింగదు.

మూడేళ్ళ కిందట జ్వరమొచ్చి నిజంగానే పోయాడు. ఆసుపత్రిలో పిచ్చుక తల్లి అతని మొహం చూడలేదు. దుప్పటి చివర బయటికొచ్చిన బొటనవేలినే చూస్తూ కూర్చుంది. అది కదల్లేదు. ఆ తరవాతే టీవీలో ఇలాంటి సినిమాలకి అంకెల తాళం వేసింది. పిల్ల కోసమని అందరికీ చెప్పింది గానీ, అతను మళ్ళీ చావడం చూసే ధైర్యం లేనిది తనకే.

“ఒక్కసారి తియ్యమ్మా. నాన్న గొంతు మర్చిపోతున్నా.”

ఆమె మిషను ముందునుంచి లేచింది. రిమోట్ తీసుకుని, పిల్లకి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి అంకెలు నొక్కింది.

తాళం కరిగిపోయింది. ఎక్కడిదో గోదాము, పొగ, నీలం వెలుతురు. అందులోంచి నిద్రలో నడిచినట్టు మెల్లగా అతనొచ్చాడు. “ఎవడ్రా అక్కడ?” అన్నాడు. సినిమా మొత్తానికి అతనికున్నది ఆ ఒక్క మాటే. పిచ్చుక పెదాలు చప్పుడు లేకుండా దాన్నే పలికాయి. కుట్టి మడతపెట్టిన బట్టల మీదా, తన భుజం మీదా ఆ గొంతు వచ్చి వాలినట్టనిపించింది ఆమెకి. ఇల్లంతా కాసేపు వెచ్చబడింది.

అంతలో హీరో దెబ్బ పడింది. అతను మెట్ల మీంచి దొర్లిపోయాడు. ఆమె గబుక్కున ఒక చేత్తో పిల్ల కళ్ళు మూసి, తనూ కళ్ళు మూసుకుంది.

పిచ్చుక ఆ చెయ్యి లాగేసి పకపకా నవ్వింది.

“అమ్మా, చూడు! కదులుతోంది!”

ఆమె కళ్ళు తెరిచింది. తెర మీద ఓ మూల, పొగలో, చెప్పు జారిన కాలు. బొటనవేలు నిక్షేపంగా ఆడుతోంది.

“నాన్నకి చావడం రాదు కదమ్మా,” అంది పిచ్చుక.

“రాదే,” అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వు ఆపుకోలేక. “ఎన్ని తిట్లు తిన్నా నేర్చుకోలేదు.”