సింహాచలం కొన్న గడ్డి మిషను

కిరండూల్ ఇనుప గనుల టౌన్‌షిప్‌లో గెస్ట్‌హౌస్ తోట చూసే సింహాచలానికి ఎవరి మీదా గౌరవం లేదు. విజయనగరం నుంచి వచ్చి, గనిలో చాలా ఏళ్లు పెద్ద పెద్ద ఇంజన్లు బాగుచేశాడు. చెవులు మందగించాక తోటపనికి బదిలీ చేశారు. పువ్వులంటే అతనికి చులకన. పువ్వులు చూసి మురిసిపోయే ఆఫీసర్లంటే మరీ చులకన.

గెస్ట్‌హౌస్ మేనేజరు వెంకటనారాయణ సంగతి చెప్పనే అక్కర్లేదు. కిందటి వానాకాలం ఆయన ఎర్రరంగు చూసి ముచ్చటపడి తెచ్చిన, భుజాన తగిలించుకుని గడ్డి కోసే మిషను, ఇనుపరాయి ధూళి పీల్చి, దగ్గి దగ్గి, దసరా రాకముందే మూలన పడింది.

"బొమ్మలు కొనీవోడికి మిషన్లెందుకు?" అన్నాడు సింహాచలం, ఆయన వినేలాగే.

వెంకటనారాయణ విన్నాడు. "అయితే ఈసారి నువ్వే వెళ్లి తీసుకురావయ్యా," అన్నాడు.

జగదల్‌పూర్ దుకాణంలో ముందు ఒక తేలికపాటి మిషను చూపించారు. సింహాచలం దాన్ని ఒంటి చేత్తో ఎత్తి, మూతి విరిచి, కింద పెట్టేశాడు. కడ్డీ వంపుగా ఉన్నదాన్ని పొదల కిందికి పోదని తోసేశాడు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాల్సిన రకాన్ని ముట్టుకోనైనా లేదు. కలిపే పాళ్లు తప్పితే ఇంజను పట్టేస్తుంది, పాళ్లు తప్పకుండా కలిపే మనిషి టౌన్‌షిప్ మొత్తంలో తను తప్ప లేడని అతని నమ్మకం.

చివరికి మూలనున్న, ఆయిలు కలపక్కర్లేని పెద్ద ఫోర్ స్ట్రోక్ మిషనును బయటికి తెప్పించాడు. తాడు లాగాడు. మొదటి లాగుకే అందుకుంది. బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, మళ్లీ లాగాడు. మళ్లీ అందుకుంది. గాలి ఫిల్టరు మూత వేళ్లతోనే ఊడింది. విడిభాగాలున్నాయా అని అడిగితే దుకాణదారు బీరువా తెరిచి చూపించాడు. సింహాచలం తల ఊపాడు. అతను ఒక వస్తువును మెచ్చుకోవడం అంటే అంతే.

దాన్ని నడపాల్సింది తోటలో కూలిపని చేసే మంగి. కోంటా దగ్గరి దోర్ల తెగవాళ్ల ఊరి ఆడపడుచు, పెళ్లయి ఇక్కడికి వచ్చింది. పొట్టి మనిషి. నిరుటి మిషను బతికున్నన్నాళ్లూ ఆమే నడిపింది.

కొత్తదాన్ని భుజానికి తగిలించుకుంది. బెల్టు ఎంత బిగించినా మిషను మోకాళ్ల మీదికే జారింది. ఇంజను అందుకోగానే ఆ బరువు ఆమెను ఒక పక్కకి గుంజింది. చదునుగా ఉన్నంత మేర పళ్లు బిగబట్టి కోసింది. గెస్ట్‌హౌస్ వెనక ఏటవాలు గట్టు ఎక్కేసరికి కాలు జారింది. కడ్డీ కొసన గిర్రున తిరుగుతూ గడ్డి కోసే నైలాన్ తీగ పిక్క మీద కొరడాలా చరిచింది.

"ఏటే, గడ్డి కొయ్యడం కూడా రాదేటి నీకు? ఇంత మిషను చేతిలో ఎడితే!" వరండాలో ఉన్న అందరి ముందూ అరిచాడు సింహాచలం.

మంగి ఇంజను ఆపింది. బెల్టు విప్పి, మిషనును మెల్లగా గడ్డిలో పెట్టింది.

"గంత మంచి మిషనైతే నువ్వే కొయ్ మేస్త్రీ," అని కుంటుకుంటూ వెళ్లిపోయింది.

"కొడవలి చేతులు," అన్నాడు సింహాచలం ఆమె వీపు చూసి.

అప్పట్నుంచి తనే కోశాడు. ఆ వానల్లో మిషను ఒక్కసారీ మొరాయించలేదు. మొరాయించింది అతని భుజం. ఆ తర్వాత నడుము. ఒకనాడు పొద్దున అదే గట్టు మీద మిషనుతో సహా దొర్లి, కాలవలో వెల్లకిలా పడ్డాడు.

వరండాలో టీ తాగుతున్న వెంకటనారాయణ లేవలేదు. "మిషను బాగుందా సింహాచలం?" అని మాత్రం అడిగాడు.

"బాగుందండి," అన్నాడు సింహాచలం. కొనేనాడు అతను ఇంజను చూశాడు, తాడు చూశాడు, ఫిల్టరు చూశాడు. మోసే భుజాన్ని మాత్రం చూడలేదు. గనిలో అతను బాగుచేసిన ఇంజన్లు ఎవరి భుజం మీదా ఎక్కినవి కావు.

సాయంత్రం మంగి ఇంటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో కూరకి లేత వెదురు కొమ్ములు తరుగుతోంది. పిక్క మీది వాత ఇంకా నల్లగానే ఉంది.

"తగ్గిందేటి?"

"గిప్పుడు యాదికొచ్చిందా?"

"ఇంకోటి తెద్దాం. నువ్వూ దుకాణానికి రా. భుజాన ఏసుకొని చూసుకో."

"వస్త. అందరి ముందట తిట్టినవ్, అందరి ముందట్నే చెప్పు."

"ఏటి చెప్పాల?"

"తప్పు నీదని."

మర్నాడు వరండా ముందు నిలబడి, తోట వైపు చూస్తూ, "తప్పు నాది," అని గబుక్కున అనేశాడు. వెంకటనారాయణ చెవికి చెయ్యి ఆనించి, "ఏమిటీ?" అన్నాడు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి గట్టిగా. ఆ మాట రెండుసార్లు విన్న సంతోషంలో ఆయన రెండో మిషనుకు సరేనన్నాడు.

జగదల్‌పూర్‌లో మంగి ఒక్కోదాన్ని తగిలించుకుని దుకాణం ముందు వీధిలో అటూ ఇటూ నడిచింది. జనం ఆగి చూశారు. ఆమె ఎవర్నీ పట్టించుకోలేదు. నడుము దగ్గర సరిగ్గా నిలిచిన చిన్న ఫోర్ స్ట్రోక్ ఒకటి తీసుకుంది. పెద్దది ఫుట్‌బాల్ గ్రౌండు పనికని సింహాచలం భుజానికే మిగిలింది.

తిరిగొచ్చిన మర్నాడు మంగి గట్టు ఎక్కి కోత మొదలుపెట్టింది. సింహాచలం కింద నిలబడి చూశాడు.

"అదేం ఇంజనే? పిల్లి గురక పెట్టినట్టుంది."

"రాళ్లెగురుతయ్ మేస్త్రీ. అటు జరుగు."

సింహాచలం మూతి ముడిచి, పక్కకి జరిగాడు.