మా ఆయన సంతకం

కిరసనాయిలు కోసం మా సంచౌంగ్ పేటంతా తిరిగి సీసా అడుగు తడిసేంత పట్టుకొస్తే, అది కాస్తా బ్రష్షులు కడగడానికే సరిపోయింది. "ఏటే భాగ్యం, దీపానికేటీ ఉంచలేదా?" అని మా ఆయన కేకలు. ఇంతకీ అవి ఆయన బ్రష్షులేనట! ఆ నెలంతా ఆయన వాటిని ముట్టుకుంటే ఒట్టు.

ఎనభై ఎనిమిది ఆగస్టు. బర్మాలో సైనిక పాలన పోవాలని ఊరంతా సమ్మె. బస్సుల్లేవు, యూనివర్సిటీ మూసేశారు. మా అమ్మాయి పద్మజ ఇంట్లో కూర్చుని, ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు పుస్తకం నాకు చదివి అర్థం చెప్పేది. నేను బియ్యంలో రాళ్ళేరుతూ వినేదాన్ని. మూడొందల, నాలుగొందల ఏళ్ళ కిందట ఐరోపాలో బొమ్మలేసిన ఆడవాళ్ళ సంగతులు. వాళ్ళని శిష్యులుగా చేర్చుకునేవాళ్ళే అరుదట. తండ్రి చిత్రకారుడైతే ఆ ఇంట్లోనే రంగులు నూరుతూ నేర్చుకోవడమేనట. మగవాడి ఒళ్ళు చూసి గీయకూడదట. వేసినవాటిలో ఎన్నో తండ్రి పేరునో అన్న పేరునో చలామణి అయ్యాయట. "పాపం కదమ్మా!" అంది పద్మజ. నాకు ఒళ్ళు మండింది. నాలుగొందల ఏళ్ళెందుకే, మా ఇంట్లో నిన్నటి సంగతే ఇది!

మా నాన్న సింహాచలం పక్కనున్న అహ్లోన్ పేటలో బోర్డులు, అమ్మవారి పటాలు రాసేవాడు. పాఠం చెప్పింది శిష్యుడు అచ్చయ్యకి. రంగులు కలిపింది నేను. కాసేపు నిలబడి చూస్తే చాలు, "నీకేటి పనిక్కడ? పప్పు మాడతంది సూడు" అని తరిమేవాడు. తరిమినా నేర్చుకున్నాను. శిష్యుడికి రానిది నాకొచ్చింది. అది కనిపెట్టి నాన్న చేసిన ఘనకార్యం, నన్ను ఆ శిష్యుడికే కట్టబెట్టడం. "నీ సేతిపని ఇంట్లోనే ఉంటాదిలేయే" అన్నాడు, పెద్ద వరమిచ్చినట్టు.

అప్పట్నుంచీ పటంలో చీర మడతలు, నగలు, సింహం, అన్నీ నావే. కళ్ళు మాత్రం ఆయనవి. "ఆడది కన్ను తెరిపిస్తే అమ్మోరు ఉగ్రమైపోద్ది" అని మా అత్త సూరమ్మ శాసనం. ఆయన తలంటుకుని వచ్చి, రెండు చుక్కలు పెట్టి, కింద అచ్చయ్య అని ఇంత పొడుగు సంతకం గిలికేవాడు. ఒక కన్ను తూర్పు, ఒకటి పడమర. ఆయన టీ కొట్టుకెళ్ళగానే నేనే సర్దేదాన్ని. "అచ్చయ్య సేతిలో ఏదో మహిమ ఉందిరా" అని జనం అంటే, నిజమే కాబోలనుకుని తలూపేవాడు మహానుభావుడు.

ఆ ఆగస్టులోనే పద్మజ స్నేహితులు ఎర్రగుడ్డలు పట్టుకొచ్చారు. విద్యార్థుల జెండా మీద వాళ్ళ సంఘం గుర్తు, కయ్యానికి దూకే నెమలి కావాలి. ఆయన చూసీ చూడగానే నడుం నొప్పని మంచమెక్కాడు. అన్నీ నేనే వేశాను, కళ్ళతో సహా. సంతకం పెట్టడానికి మాత్రం ఆయనకి నడుం లేవలేదు.

సెప్టెంబరులో సైన్యం వీధుల్లోకొచ్చింది. పద్మజని చుట్టాలింటికి పంపేశాం. తర్వాత ఒకరోజు మా వార్డులో సర్కారు తరఫు మనిషి ఇద్దరు సిపాయిలతో మా గుమ్మంలోకొచ్చాడు. చేతిలో చిరిగిన నెమలి జెండా.

"అచ్చయ్యా, ఇది నీ పనేనా?"

"నాకేం తెలీదయ్యా! అంతా మా ఆవిడే వేసింది!" అని బర్మా భాషలో మొత్తుకుని, మా ఆయన నావైపు తిరిగి తెలుగులో గొణిగాడు. "ఒప్పేసుకోయే. ఆడదానివి, నిన్నేటి సేత్తారు?"

ఇన్నేళ్ళ కాపురంలో నేను బొమ్మలేస్తానని ఆయన నోట రావడం అదే మొదటిసారి. నవ్వాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు.

వార్డు మనిషి నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు. "ఆడమనిషి ఇంతటిది వేస్తుందా? గుమ్మం మీద బోర్డు నీ పేరునే ఉంది. పద." సిపాయి ఆయన రెక్క పట్టుకున్నాడు.

నేను నోరు మూసుకుంటే చాలు. ఇన్నాళ్ళూ చేసిందదేగా. నా పనికి మెప్పంతా ఆయనే తిన్నాడు, ఇన్సేన్ జైలు కూడా ఆయనే తింటాడు. నాకు ఏ ఢోకా లేదు. కానీ ఆ నెమలిని చూశాను. ఆ రెక్కలు నావి, ఆ కన్ను నాది. దాన్ని కూడా ఈయనకి రాసిచ్చెయ్యడం ఇక నావల్ల కాలేదు.

కొంగుకి చేతులు తుడుచుకుని ముందుకొచ్చాను.

"ఆయన్ని వదిలెయ్యండి. ఆయనకి బొమ్మలు రావు. గుడ్డ ఇవ్వండి, మీ ముందే వేస్తాను. కింద నా పేరు కూడా రాసిస్తాను, చదువుకుని మరీ తీసుకెళ్దురుగాని."