జాబితాలో అమ్మాయి

నా పేరు పోయిన రోజు, బడి నోటీసు బోర్డు మీద ఓటర్ల కొత్త జాబితా అంటించింది నేనే. నాలుగు మూలలా జిగురు రాసి, ముడతలు లేకుండా అరచేత్తో సర్దాక, అలవాటుగా మా ఇంటి నంబరు వెతికాను. మా ఆయన పేరు ఉంది. అత్తయ్య పేరు ఉంది. నా పేరు లేదు. వాళ్ళ కింద మా అమ్మాయి పేరు ఉంది.

అమ్మాయి జ్వరంతో పోయి నాలుగు నెలలు.

"ఊరందరికీ దారి చూపించి మీరే తప్పిపోయారేంటి మేడమ్!" అని లెక్కల మాస్టారు నవ్వారు. అంతలో ఆ మూడో పేరు ఆయన కంటపడింది. నవ్వు ఆపేసి, సుద్దముక్క కోసం జేబు తడుముకున్నారు.

ఆయన అన్నది నిజమే. కొత్త చట్టం గురించి మూడు వారాలపాటు గడపగడపకూ తిరిగి చెప్పింది నేనే. పుట్టినప్పటి కాగితంలో పేరూ, ఓటరు కార్డులో పేరూ ఒక్కటిగా ఉండాలి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినవాళ్ళు భర్త సంతకంతో ఇంకో కాగితం జతచేయాలి. డెబ్బై దాటినవాళ్ళకు మినహాయింపు. "నేను నేనేనని మా ఆయన రాసివ్వాలా అమ్మా? ఆయనకి నా పుట్టినరోజే తెలీదు!" అంది బట్టలు కుట్టే ఒకావిడ. నిబంధన అమ్మా, అన్నాను. అలా చెప్పి చెప్పి ఇంటికొచ్చి, అంట్లు తోమి, అత్తయ్యకు మందులిచ్చి, పరీక్ష పేపర్లు దిద్దేదాన్ని. నా కాగితం ఆ మూడు వారాలూ మా ఆయన బల్ల మీదే ఉంది. రెండుసార్లు గుర్తుచేశాను. "చూద్దాంలే" అన్నారు. అమ్మాయికి పెళ్ళి కాలేదు. పుట్టినప్పటి పేరే కార్డులోనూ ఉంది. అన్నీ సరిపోయాయి.

ఇరవై రెండేళ్ళుగా ఆయన చెప్పిన గుర్తుకే ఓటు వేశాను. ఇంట్లో ఓట్లన్నీ ఒక్క మాట మీద ఉండాలనేవారు. కార్డు వచ్చిన రోజు అమ్మాయి, "నా ఓటు నా ఇష్టం నాన్నా" అంది. "పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ" అని ఆయన పేపరు తిప్పారు. అది వంటింట్లోకి వచ్చి నన్ను అడిగింది.

"లోపల నిన్నెవరూ చూడరు కదమ్మా. మరెందుకు ఆయన చెప్పినదానికే వేస్తావు?"

గిన్నె కడిగి బోర్లించాను. ఈ ఎన్నికల్లో జవాబు చెప్దామనుకున్నాను.

ఆ సాయంత్రం టీవీలో చట్టం మీద వాదన. చచ్చినవాళ్ళ పేర్లతో ఓట్లు పడుతున్నాయని ఒకాయన బల్ల గుద్దాడు. బతికున్న ఆడవాళ్ళ పేర్లు ఎగిరిపోయాయని ఇంకొకాయన అరిచాడు. మా ఆయన టీవీ కట్టేశారు.

"ముందు అమ్మాయి పేరు తీయించు. దొంగ ఓటు దాచుకున్నామంటారు."

"మీరు సంతకం పెట్టినా చెల్లుతుంది" అని పేరు తొలగించే ఫారం అందించబోయాను.

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నారు. "నా వల్ల కాదు. కాగితాల పనులన్నీ నువ్వే చూస్తావుగా."

నిజమే. ఆస్పత్రి కాగితాలూ, మరణ ధ్రువపత్రమూ నేనే తెచ్చాను.

"మరి నా కాగితం?"

"నువ్వు అందులో సంతకం పెట్టు. నీదాంట్లో నేను పెడతాను."

"ఓటు కూటికొస్తుందా, గుడ్డకొస్తుందా?" అంది అత్తయ్య మంచం మీంచి. "మా ఇద్దరివీ ఉన్నాయిగా, చాలదూ?"

కలం తీసుకుని కూర్చున్నాను. తొలగించవలసిన పేరు అన్న గడిలో దాని పేరు రాశాను. దస్తూరి వంకర పోలేదు. సంబంధం: తల్లి. కారణం అన్న గడి దగ్గర ఆగాను. మూడక్షరాల మాట. బోర్డు మీద ఎన్నోసార్లు రాసి, పిల్లల చేత చదివించిన మాటే.

జాబితాలో తప్పులు దిద్దించుకునే గడువు శనివారం. ఇవాళ శుక్రవారం. నా కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఆ గడి నేనింకా నింపలేదు.